హమాలీ మాస్టరు

మొన్న యాసంగి వడ్ల కొనుగోలు మొదలైన రోజు, టేకుమట్ల దగ్గరి ఒక ఊళ్లో కొత్త గోనె సంచుల కట్టలు విప్పారు. నేను అక్కడ వ్యవసాయ విస్తరణ అధికారిని. వడ్లలో తేమ ఎంతుందో చూడడానికి కల్లం మధ్యలో నిలబడి ఉన్నాను. కట్టకున్న సుతిలి తెగ్గానే గుప్పుమని వాసన వచ్చింది. కొత్త నారకు పట్టిన నూనె, దుమ్ము, కొంచెం తడి మట్టి కలిసిన వాసన అది. చాలామందికి తలనొప్పి తెప్పిస్తుంది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే మోకాళ్లు వాటంతటవే కొద్దిగా వంగాయి, పిడికిళ్లు నడుము దగ్గరికి వచ్చాయి. పక్కనున్న రైతు ఒకాయన భయపడి, "ఏంది మేడం, కండ్లు తిరుగుతున్నయా? జర నీడకు రా" అన్నాడు. ఏం లేదన్నాను. ఖాళీ గోనె సంచుల మీద నేను కరాటే నేర్చుకున్నానని, నేర్పింది మా దుకాణంలో బస్తాలు మోసిన మనిషని ఆయనకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మాది కేసముద్రం. మా బాపుకు మార్కెట్ యార్డు ఎదురుగా, రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉండేది. మక్కలు, మిర్చి, పల్లి, పసుపు ఏది తెచ్చినా రైతులు మా కాంటా దగ్గర దించేవాళ్లు. పొద్దున ఆరింటికే ట్రాక్టర్ల మోత మొదలయ్యేది. అటువైపు స్టేషన్‌లో గూడ్సు బండ్లు, ఇటువైపు లారీలు, మధ్యలో వేలంపాట కేకలు. అంత గోలలో పుట్టి పెరిగిన నాకు గొంతు లేదు. మూగదాన్ని కాదు. అమ్మ చెవిలో గంటలు గంటలు మాట్లాడేదాన్ని. కానీ ఇంకో మనిషి ఎదుట పడితే నాలుక అతుక్కుపోయేది. దుకాణానికి ఎవరైనా వస్తే బస్తాల వెనక దాక్కునేదాన్ని. బడిలో హాజరు పిలిచేటప్పుడు నా పేరు రాగానే పెదవులు కదిలేవి, మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. కొత్తగా వచ్చిన సారుకు నా ముఖం తెలియదు. వెనక బెంచీలో రోజూ కూర్చుంటూనే ఉన్నాను, రోజూ నా పేరు ఎదుట గైర్హాజరు పడుతూనే ఉంది. నెల దాటాక బడి నుంచి ఇంటికి ఉత్తరం వచ్చింది, మీ అమ్మాయి శైలజ బడికి రావడం లేదు, కారణం తెలపగలరు అని. అప్పుడు నాకు ఏడేళ్లు.

బాపు ఆ ఉత్తరం పట్టుకుని దుకాణంలోనే నన్ను నిలబెట్టాడు. "రోజు పొద్దుగాల సంచి ఏసుకొని ఏడికి పోతున్నవ్?" అని అడిగాడు. బడికే అని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. ఏడుస్తూ నిలబడ్డాను. అమ్మ లోపలి నుంచి వచ్చి, "బడికే పోతున్నది. పలుకది, అంతే" అని చెప్పింది. బాపుకు కోపం పోయి దిగులు పట్టుకుంది. తలకు చెయ్యి ఆనించుకుని గద్దె మీద కూర్చున్నాడు. ఇదంతా కాంటా దగ్గర బస్తా నోరు కుడుతున్న ఒక హమాలీ వింటున్నాడు. దబ్బనం ఆపకుండా, తల ఎత్తకుండా ఆయన అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "సేటు, బిడ్డను పొద్దుమీకి నా దగ్గరికి పంపుండ్రి. గొంతు ఏడికి పోలే, లోపటనే ఉన్నది. తీసుడే."

ఆయనే యాకయ్య. మా దిక్కు దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు ఆ పేరు పెడతారు. యార్డులోనే నలుగురైదుగురు యాకయ్యలు ఉండేవాళ్లు, ఈయనను భీవండి యాకయ్య అనేవాళ్లు. పదహారేళ్లకే భీవండి పోయి మరమగ్గాల మీద పనిచేశాడు. పదిమంది ఉండే ఖోలీ గదిలో కొత్తగా వచ్చినవాణ్ణి రోజూ ఎవరో ఒకరు కొట్టేవాళ్లట. పక్క గోదాముకు కాపలా ఉండే నేపాలీ ముసలాయన చూడలేక పొద్దున్నే డాబా మీదికి తీసుకుపోయి కరాటే నేర్పాడు. ఆ తర్వాత ఏమైందని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. "నేర్సుకున్నంక ఎవలూ కొట్టలే. నేనూ ఎవలినీ కొట్టలే. గదే లాభం" అని నవ్వాడు. మగ్గాలు మూతపడ్డాక ఊరికి తిరిగి వచ్చి హమాలీల జట్టులో చేరాడు. వరంగల్ పోయి పరీక్షలు రాసి నల్ల బెల్టు తెచ్చుకున్నాడు. బేరాలు అయిపోయి యార్డు ఖాళీ అయ్యాక సాయంత్రం పూట రేకుల షెడ్డులో హమాలీల పిల్లలకూ, చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే పిల్లలకూ నేర్పేవాడు. ఈ సంగతి బాపుకు తెలుసు. కానీ అది హమాలీల కాలక్షేపం అనుకునేవాడు.

ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. నానమ్మ అసలు ఒప్పుకోలేదు. "కోమటోళ్ల ఆడిపిల్ల తన్నులాట నేర్సుకునుడు ఏంది? అది గూడ మన బస్తాలు మోసేటోని దగ్గర" అంది. బాపు ఏదీ తేల్చలేదు. చివరికి అమ్మే నా చెయ్యి పట్టుకుని యార్డుకు తీసుకుపోయింది. దారిలో, "బడి సారు పేరు గూడ పట్టుకోలే. గాయన గొంతు పట్టుకున్నడు" అని మాత్రం అంది.

ఆ మొదటి సాయంత్రం షెడ్డు కింద పిల్లలు ఖాళీ గోనె సంచులు మూడేసి వరసలుగా పరుస్తున్నారు. అదే మా చాప. నాపరాళ్ల మీద పడితే దెబ్బ తగలకుండా ఉండడానికి. నా కళ్లు తలకు రుమాలు చుట్టుకున్న యాకయ్య కోసం వెతికాయి. కనిపించలేదు. తెల్లటి బట్టలు వేసుకుని, తల స్నానం చేసి దువ్వుకున్న ఒక మనిషి నిటారుగా నిలబడి ఉన్నాడు. బస్తా కింద వంగి నడిచే మనిషి ఇంత పొడుగుంటాడని నాకు అంతవరకు తెలియదు. దగ్గరికి వచ్చి, "వచ్చినవా బిడ్డా" అన్నాడు. నేను అలవాటు కొద్దీ గొణిగాను, "యాకయ్యా" అని. ఇంట్లో అందరూ అలాగే పిలిచేవాళ్లు. పక్కనున్న పిల్లలు ఒక్కసారిగా ఆగి నన్ను చూశారు. ఆయన నొచ్చుకోలేదు. "పగటిపూట యాకయ్య, గీడ మాస్టరు. రెండు పేర్లు నాయే. ఏడ ఏది పిలువాల్నో నువ్వే చూసుకో" అన్నాడు.

మొదటి నెల గుద్దడం లేదు, తన్నడం లేదు. పడడమే. వెనక్కి పడాలి, పక్కకు పడాలి, గడ్డం గుండెకు ఆనించి అరచేతులతో నేలను కొట్టాలి. ఎనిమిదిమందిమి ధన్‌ధన్‌మని సంచుల మీద పడుతుంటే అమ్మ షెడ్డు బయట నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఇంటికి పోయేసరికి నా జుట్టులో మక్కల పొట్టు, మెడ మీద మిర్చి మంట. నానమ్మ రోజూ తిట్టేది, రోజూ తలంటి పోసేది. పడడం నాకు తొందరగానే వచ్చింది. రానిది కేక. గుద్దేటప్పుడు పొట్ట నుంచి కేక వేయాలి. అందరూ వేసేవాళ్లు. నేను నోరు తెరిచేదాన్ని, గాలి వచ్చేది.

మాస్టరు ఒక్కసారి కూడా నన్ను గట్టిగా అరవమని ఒత్తిడి చేయలేదు. ఒకరోజు వరస ముందుకు నన్ను పిలిచి, "రేపటి సంది అంకెలు నువ్వు చెప్తవ్" అన్నాడు. ఇచ్, నీ, సాన్, షీ అని జపాన్ అంకెలు. ఒకరు అంకె చెబితే అందరూ ఒక గుద్దు గుద్దాలి. అంకె వినపడకపోతే ఎవరూ కదలకూడదు. ఇది ఆయన పెట్టిన నియమం. మరునాడు ఆయన మాత్రం పోయి మొదటి స్తంభం దగ్గర నిలబడ్డాడు. తనకు వినపడితేనే చెయ్యి ఎత్తుతాడు, చెయ్యి ఎత్తితేనే పిల్లలు గుద్దుతారు. ఆ రోజు నాలుగు అంకెలకు అరగంట పట్టింది. తండా నుంచి వచ్చే మంగ్లీ అనే అమ్మాయి నాకంటే రెండేళ్లు పెద్దది. పిడికిలి ముందుకు చాపి చాపి దాని భుజం లాగింది. "మాస్టర్, గీమెను మార్చుండ్రి, మా చేతులు పడిపోతున్నయ్" అంది. మాస్టరు, "ఆగు మంగ్లీ. నీకు తన్నుడు వచ్చెటందుకు గీళ్లందరు ఎన్ని రోజులు ఆగిండ్రు?" అన్నాడు. ఆ తర్వాత మంగ్లీ నా పక్కన నిలబడి, అంకె చెప్పే ముందు మోచేత్తో మెల్లగా నా పొట్టలో పొడిచేది, అక్కడి నుంచి అను అన్నట్టు.

వారానికోసారి మాస్టరు ఒక స్తంభం వెనక్కి జరిగేవాడు. నాకు చెప్పేవాడు కాదు. ఎదుట చూస్తే ఆయన కొంచెం చిన్నగా కనిపించేవాడు, అంతే. వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి షెడ్డు చివర ఆఖరి స్తంభం దగ్గర ఉన్నాడు. ఆ సాయంత్రం నేను "సాన్" అనబోతుండగా స్టేషన్‌లోకి గూడ్సు బండి వచ్చింది. అరవై డబ్బాల బొగ్గు బండి. రేకులు అదిరాయి. పిల్లలు పిడికిళ్లు చాపి నిలబడ్డారు. బండి పోయేదాకా ఆగొచ్చు, ఎవరైనా ఆగేవాళ్లే. కానీ మాస్టరు చెవి దగ్గర చెయ్యి పెట్టి నా వైపే చూస్తున్నాడు. నాకు ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది. ఆ రెండూ కలిసి ఎక్కడి నుంచో "సాన్" అని వచ్చింది. నా చెవులకే ఎవరో కొత్త మనిషి అరిచినట్టుంది. అటు చివర ఆయన చెయ్యి లేచింది. ఎనిమిది గుద్దులు ఒక్కసారి పడ్డాయి. బండి ఇంకా పోతూనే ఉంది. నేను "షీ" అన్నాను, "గో" అన్నాను, పది దాకా ఆపలేదు. క్లాసు అయ్యాక దగ్గరికి వచ్చి మాస్టరు అన్నది ఒకే మాట, "ఇనబడ్డది."

మరునాడు బడిలో నా పేరు పిలిచినప్పుడు నేను "ప్రెజెంట్ సార్" అన్న తీరుకు పక్క తరగతి నుంచి కూడా పిల్లలు తొంగి చూశారు. ఇంటి నుంచి కబురు పోయినా అప్పటిదాకా నన్ను పోల్చుకోని సారు కళ్లద్దాలు సరిచేసుకుని నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వెప్పుడు చేరినవమ్మా?" అని అడిగాడు.

ఇంతవరకు చెప్పడం సులువు. తర్వాతిది చెప్పడానికి ఇప్పటికీ కొంచెం ముఖం చెల్లదు. పదేళ్లు వచ్చేసరికి మహబూబాబాద్ పోటీల్లో నాకు ఒక కప్పు వచ్చింది. బడిలో పేరు మోగింది. పెద్ద బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి రమ్య, ఇంకో ఇద్దరు నా స్నేహితులయ్యారు. ఒక శనివారం వాళ్లు కప్పు చూడడానికి మా దుకాణానికి వచ్చారు. మంచి సీజను. లారీకి మక్కలు ఎక్కుతున్నాయి. రమ్య కప్పు తిప్పి చూస్తూ, "మీ మాస్టర్ ఎవరే? నేను గూడ నేర్చుకుంటా" అంది. సరిగ్గా అప్పుడే యాకయ్య మాస్టరు వీపు మీద బస్తాతో మా ముందు నుంచి పోతున్నాడు. ఒంటి మీద చిరుగుల బనియను, తలకు రుమాలు, రుమాలు నుంచి కారే చెమటకు పొట్టు అంటుకుని ముఖం పోల్చరాకుండా ఉంది. నేను, "ఆయన ఈ ఊర్ల ఉండడు. వరంగల్ నుంచి వస్తడు" అన్నాను. బస్తా కింది నుంచి ఆయన కళ్లు ఒక్క క్షణం నా వైపు తిరిగాయి. నడక ఆగలేదు. బల్ల మీదుగా లారీ ఎక్కి బస్తా దించి, ఇంకో బస్తా కోసం వెనక్కి వచ్చాడు.

ఆ సాయంత్రం నేను క్లాసుకు పోలేదు. జ్వరమని పడుకున్నాను. మరునాడూ, ఆ మరునాడూ అంతే. నాలుగో రోజు మా పెరటి గుమ్మం దగ్గర పల్లికాయ దించడానికి వచ్చిన మాస్టరు, గడప అవతల నుంచే, "మూడు దినాలాయె, అంకెలు చెప్పెటోళ్లు లేరు. మంగ్లీకి ఏడు తర్వాత యాదికుంటలేదు" అన్నాడు. ఆ సాయంత్రం పోయాను. క్లాసు అయ్యాక పిల్లలంతా సంచులు మడిచి పోయేదాకా ఆగి, ఆయన ముందు నిలబడ్డాను.

"మాస్టర్, మొన్న నేను అబద్ధం చెప్పిన."

"ఇన్న."

"మీకు కోపం రాలేదా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "వచ్చింది. బస్తా మీదున్నప్పుడు కోపం పెట్టుకుంటే అడుగు తప్పుతది. లారీల దించినంక చూసుకుందామనుకున్న. దించి చూస్తే కోపం లేదు, జర బాధ ఉన్నది. గది గూడ ఇయ్యాల పోయింది, నువ్వు వచ్చినవ్ గద."

తప్పయిందని చెప్పాను. ఆయన తలూపాడు. అయిపోయిందనుకున్నాను. మడిచిన సంచుల కట్ట భుజాన వేసుకుంటూ, "కానీ బిడ్డా, నువ్వు అబద్ధం నాకు చెప్పలే కద. చెప్పింది వాళ్లకు. ఏడ చెప్పినవో గాడనే సర్దుకోవాలె. లేకుంటే అది గాడనే ఉంటది" అన్నాడు. చెయ్యమని అనలేదు. ఎప్పుడు చేస్తావని కూడా అడగలేదు.

నాలుగు రోజులు నాలో నేను కొట్లాడుకున్నాను. మళ్లీ శనివారం వచ్చింది. రమ్యనూ మిగతా ఇద్దరినీ, మా మాస్టరును చూపిస్తానని చెప్పి తీసుకొచ్చాను. యార్డు నిండా జనం. వేలం జరుగుతోంది. బాపు గద్దె మీద కూర్చుని రైతులతో మాట్లాడుతున్నాడు. మాస్టరు కాంటా దగ్గర నుంచి బస్తా వీపున ఎత్తుకుని లారీ వైపు వస్తున్నాడు. నేను పోయి దారికి అడ్డంగా నిలబడ్డాను. కాళ్లు దగ్గరికి చేర్చి, చేతులు తొడలకు ఆనించి, షెడ్డులో రోజూ చేసినట్టే నడుము వంచి నమస్కారం చేశాను. "ఈయననే మా మాస్టర్. ఈ ఊరే. మొన్న నేను అబద్ధం చెప్పిన" అన్నాను. గూడ్సు బండి లేకపోయినా గొంతు అంతే గట్టిగా వచ్చింది. వేలం పాడేవాళ్లు కూడా తిరిగి చూశారు.

హమాలీ దారి మధ్యలో బస్తా దించడు. అది మళ్లీ ఎత్తాలంటే ఇద్దరు కావాలి, వెనకవాళ్ల వరస ఆగిపోతుంది, జట్టుకు చెడ్డపేరు. అలాంటిది ఆయన ఆగాడు. మెల్లగా మోకాళ్లు వంచి బస్తాను నేల మీదికి జార్చాడు. తలకున్న రుమాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. నిటారుగా లేచి, నా అంతే లోతుగా వంగి తిరిగి నమస్కారం చేశాడు. రమ్య నోరు తెరుచుకుని చూస్తోంది. వెనక ఆగిన హమాలీలలో ఒకాయన, "యాకన్నా, కానీయరాదే, బండి నిండాలె" అన్నాడు, కోపంగా కాదు. మాస్టరు బస్తా ఒక కొస పట్టుకుని రెండో కొసకు మనిషి కోసం చూశాడు.

బాపు గద్దె దిగి వచ్చాడు. తెల్ల ధోవతి మోకాళ్ల పైకి చెక్కాడు. నాకు బుద్ధి తెలిసిన తర్వాత బాపు బస్తాను చేత్తో ముట్టడం నేను చూడలేదు. రెండో కొస పట్టుకున్నాడు. ఎలా ఎత్తాలో తెలియక తడబడ్డాడు. "మోకాలు వంచుండ్రి సేటు, నడుము కాదు" అన్నాడు మాస్టరు. ఇద్దరూ కలిసి లేపారు. బస్తా వీపు మీదికి ఎక్కాక బాపు చేతుల దుమ్ము దులుపుకుంటూ, జాగ్రత్త చెబుతూ, "పైలం మాస్టరూ" అన్నాడు. మాస్టరు అని పిలవడం ఆయనకు అదే మొదలు. రాత్రి అన్నాల దగ్గర నానమ్మ, "గాయన ఇంట్ల పిల్లలు ఎందరు?" అని అడిగి, మరునాడు సకినాలు కట్టి నా చేతికిచ్చింది. రమ్య ఆ నెల్లోనే చేరింది. దానికి పడడం ఎప్పటికీ సరిగా రాలేదు.

ఇంటర్‌కు నేను హన్మకొండ పోయేదాకా మాస్టరు దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆయన జనగామలో కూతురి దగ్గర ఉంటాడు. బస్తాల పని మాని చాలా ఏళ్లయింది. కూతురు అక్కడి ఒక బడిలో కరాటే నేర్పుతుంది. సాయంత్రాలు ఈయన కుర్చీ వేసుకుని కూర్చుని చిన్నపిల్లల కాళ్లు సరిగా ఉన్నాయో లేదో చూస్తాడు. పోయినేడు మా బాబును తీసుకుని పోయాను. వాడికి ఆరేళ్లు, కుదురు లేదు. మాస్టరు వాడిని కాసేపు చూసి, "వీనికి గొంతు బాగనే ఉన్నది. చెవులు తియ్యాలె" అన్నాడు. అందరం నవ్వాం. బయలుదేరేటప్పుడు కాళ్లకు దండం పెట్టబోతే ఒప్పుకోలేదు. నిలబడి, మోకాలి నొప్పి ఓర్చుకుంటూ, ఎప్పటిలాగే వంగాడు.

ఆయన నేర్పిన తన్నులూ గుద్దులూ నాకు ఉద్యోగంలో ఎప్పుడూ అక్కరకు రాలేదు. మిగిలింది వేరే. పోయిన వానాకాలం ఒక ఊళ్లో పత్తి చేలు ఎర్రబడ్డాయి. పంచాయతీ ముందు రైతులంతా కూర్చున్నప్పుడు, కొమురమ్మ అనే ఆమెను చూపించి, మందు ఎక్కువ కొట్టినందుకే ఇలా అయిందని గట్టిగా మందలించాను. ఆమె, "నువ్వు చెప్పినంతనే కొట్టిన బిడ్డా" అని రెండుసార్లు అని ఊరుకుంది. తర్వాత చేనులో మట్టి తీసి పరీక్ష చేయిస్తే తప్పు మందుది కాదు, నేలలో మెగ్నీషియం తక్కువ. కొమురమ్మ ఇంటికి పోయి చెప్పొస్తే సరిపోయేది. ఫోన్ చేసినా ఏమీ అనుకునేది కాదు. కానీ నేను మళ్లీ అదే పంచాయతీ ముందుకు, అదే మందిని పిలిపించాను. ఆమె చెప్పిందే నిజం, నేను చూడకుండా అన్నాను, నాదే తప్పు అని చెప్పాను. అధికారి అలా అంటే తర్వాత ఎవరూ మాట వినరని మా ఆఫీసువాళ్లు భయపెట్టారు. వెనక వరసలో కూర్చున్న ఒక ముసలాయన, "ఇంకోపాలి జెప్పు బిడ్డా, నాకు సరిగ ఇనబడలే" అన్నాడు. మళ్లీ చెప్పాను, ఈసారి ఇంకా గట్టిగా. కొమురమ్మ అందరి మధ్య నుంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.